మీదికి కిటికీ

ఆ పొద్దున ప్రణీత తాను కట్టిస్తున్న ఇంటి నక్షాను ఉమేష్ ముందు పరిచింది. శ్రీశైలం ముందు పరచలేదు. జరిగింది అంతే. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. కానీ రాయికి మన్ను పూస్తున్న శ్రీశైలం చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది.

కాగితం గాలికి ఎగరకుండా నాలుగు మూలల మీదా నాలుగు రాళ్లున్నాయి. వాటిని ఏరి తెచ్చిచ్చింది శ్రీశైలమే. "తాతా, జర నాలుగు చిన్న రాళ్లిస్తవా" అని ఆ పిల్ల అడిగితే తెచ్చిచ్చాడు. యాభై నాలుగేళ్లకే తాతయ్యాడు పాపం. ముప్పై ఏళ్ల ఉమేష్ మాత్రం మేస్త్రి. "మేస్త్రీ, ఈ మూల ఎట్ల తిప్పుదమంటవ్?" అని ఆమె అడుగుతుంటే, ఆ కొత్తకోటవాడు కాగితం మీద వేలు పెట్టి ఇట్లా, అట్లా అని గీస్తున్నాడు. హైవే మీద దాబాలకు రంగురంగుల ముఖాలు కట్టిన వేలు అది.

ప్రణీతది వనపర్తి. హైదరాబాదులో ఆర్కిటెక్టు చదువు చదివింది. బాలనాగమ్మ అల్లుడికి దూరపు చుట్టం కావడంతో, సోమశిల పక్కన కృష్ణ ఒడ్డునున్న ఆ ఊళ్లో బాలనాగమ్మకు ఇల్లు కట్టించే పని తన మీద వేసుకుంది. ఇల్లు చూస్తే ఆ నేలలోంచే లేచినట్టుండాలని ఆమె పట్టుదల. అందుకే గోడలకు ఊరి రాయి, సున్నం కలిపిన మన్ను. తూర్పు సగం ముందే లేచింది. దాని మీద ఇటుకలతో ఉమేష్ ఒక గది కడుతున్నాడు, పడవలెక్కడానికి వచ్చేవాళ్లకు అద్దెకివ్వడానికి. పడమటి సగం బాలనాగమ్మ పడుకునే గది. దాని రాతి గోడలు శ్రీశైలానివి. మోకాలి ఎత్తుకు వచ్చాయి.

బయట ఆటో ఆగి ఉంది. మోకాళ్లకు చూపించుకోవడానికి బాలనాగమ్మ నాగర్‌కర్నూల్ దవాఖానకు బయల్దేరింది. వారం రోజులు కూతురింట్లో ఉండి వస్తుంది. కర్ర పొడుచుకుంటూ వచ్చి, నక్షా వైపు ఒకసారి చూసి నవ్వింది.

"నాకు ఈ గీతలు తెల్వవు బిడ్డా. ఒక్కటే చెప్పిపోత. మీదికి పెద్ద కిటికీ పెట్టు. కిందికి లేకున్న ఏం కాదు. ఎండొచ్చినా మంచిదే."

"మీదికి పెద్దదే పెడ్తున్న అవ్వా! గోడంత కిటికే," అంది ప్రణీత ఉత్సాహంగా, ఇటుక గది వైపు చెయ్యి చూపించి.

"గంతే చాలు నాకు," అని ముసలామె ఆటో ఎక్కింది. ఇద్దరికీ తృప్తే. అడిగింది ఒకటి, ఇస్తానన్నది ఇంకొకటి.

ఈ సంగతి అక్కడ తెలిసినవాడు శ్రీశైలం ఒక్కడే. ఏటి ఒడ్డు ఊళ్లలో పడమరను పడమర అనరు. ఏరు ఎటు నుంచి వస్తుందో అది మీదికి, ఎటు పోతుందో అది కిందికి. పడమటి చేను మీది చేను, తూర్పు వీధి కింది వీధి. పెళ్లికి పిల్లను మీదికిచ్చారంటే పడమటి ఊరికిచ్చారని అర్థం. వనపర్తిలో ఏరు లేదు, ఈ మాటా లేదు. కొత్తకోటలో ఉన్నది లారీల రోడ్డు. బాలనాగమ్మ అడిగింది తన గదికి పడమటి కిటికీ. ప్రణీత ఇస్తానన్నది మేడ మీది గదికి తూర్పు కిటికీ, మెట్లెక్కలేని మనిషికి.

పడమటి కిటికీ ఎందుకో కూడా శ్రీశైలానికి తెలుసు. అటు, నీళ్ల కింద, పాతూరు ఉంది. డ్యాము కట్టినప్పుడు మునిగిన ఊరు. ఎండాకాలం నీళ్లు దిగితే గోడల మొండేలు, గడప రాళ్లు బయటపడతాయి. ఏటా వైశాఖంలో బాలనాగమ్మ అక్కడిదాకా నడిచివెళ్లి, తన గడప మీద కాసేపు కూర్చుని వచ్చేది. ఈ ఏడు మోకాళ్లు నడవనివ్వడం లేదు. కూర్చున్న చోటినుంచే చూసుకుందామనుకుంది.

శ్రీశైలం తాపీ పక్కన పెట్టి లేచాడు. "అమ్మా, జర ఆగు. బాలనాగక్క చెప్పింది..."

"తాతా, ఒక్క నిమిషం." ప్రణీత తల ఎత్తలేదు. "ఉమేష్, పడమటి గోడ మొత్తం మూసేద్దామా? మాపటి ఎండ కొడ్తది. మూస్తే అవ్వ గది చల్లగుంటది, ఏమంటవ్?"

"మంచిదే మేడం," అన్నాడు ఉమేష్.

అప్పుడు తిరిగింది శ్రీశైలం వైపు. మంచిగానే నవ్వుతూ అంది. "తాతా, ఆ గోడకు కిటికీ లేదు. నువ్వు గోడ కట్టు చాలు, మిగతాది మేం చూసుకుంటం."

మేం. ఆమే, ఉమేషూ. ముప్పై ఐదేళ్లుగా ఈ ఒడ్డు మీద రాయి మీద రాయి పెట్టినవాడు ఆ మేంలో లేడు. నోటిదాకా వచ్చిన మాట వెనక్కి వెళ్లిపోయింది.

"చూసుకోన్రి," అని మళ్లీ కూర్చున్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో శ్రీశైలం కట్టిన గోడను ఆ ఊళ్లో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. కోపంలో పని చెడగొట్టేవాళ్లుంటారు. శ్రీశైలానికి కుళ్లు పుడితే పని ఇంకా మెరుగయ్యేది. రాయిని చేతిలో రెండుసార్లు తిప్పి, ముఖం ఎటుందో చూసి, సుత్తెతో ఒక్క దెబ్బ వేసి, దాని జాగాలో కూర్చోబెట్టేవాడు. రెండు రాళ్ల నడుమ సందు మీదికి మూడో రాయి నడుము వచ్చేది. ప్రతి మూడు అడుగులకూ గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఒకటి. సందుల్లో రాతి చిప్పలు కొట్టి బిగిస్తే గోరు కూడా దూరేది కాదు. చూడనీ, అనుకునేవాడు. ఈ గోడ పక్కన ఆ చిల్లుల ఇటుకలు ఎంత.

కానీ చూసేవాళ్లు ఇటుకలనే చూసేవాళ్లు. పై గదికి ఉమేష్ ఇటుకలు ఒకటి విడిచి ఒకటి పెట్టి జాలీ లేపుతుంటే, సోమశిల గుడికి వచ్చినవాళ్లు కూడా దారి మళ్లి వచ్చి ఫోన్లో ఫోటోలు తీసుకునేవాళ్లు. ఆ జాలీలోంచి ఎండ చారలు చారలుగా లోపల పడుతుంటే ప్రణీత చప్పట్లు కొట్టింది. శ్రీశైలం ఆ చప్పట్లు లెక్కపెట్టినంత పని చేశాడు. తన గోడ దగ్గర ఆమె ఒక్కసారి ఆగి "మంచిగొస్తుంది తాతా" అంది. చప్పట్లు లేవు.

ఉమేష్ చెడ్డవాడైనా బాగుండేది. కాడు. మూడు పూటలా చాయ్ తానే తెచ్చి ఇచ్చేవాడు. "మామా, నువ్వు దారం కట్టక ముందే రాయి సూటిగ కూసుంటది. అదెట్ల?" అని అడిగేవాడు. నిజంగా నేర్చుకోవాలనే. శ్రీశైలం చాయ్ తాగి గ్లాసు ఇచ్చేవాడు గానీ జవాబు ఇచ్చేవాడు కాదు.

మూడో నాడు యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఇద్దరు వచ్చారు. ప్రణీత మాట్లాడింది. ఈ ఇల్లు ఈ నేల మాట వినే ఇల్లు అంది. తర్వాత ఉమేష్‌ను రాతి గోడ ముందు నిలబెట్టారు, వెనక రాయి అందంగా ఉందని. "ఈ గోడ నాది కాదన్న, మా మామది, శ్రీశైలం మామ కట్టిండు," అని ఉమేష్ గట్టిగానే చెప్పాడు. శ్రీశైలం తన చెవులతో విన్నాడు. కాస్త చల్లబడ్డాడు కూడా. సాయంత్రం అతని భార్య పుష్ప ఫోన్‌లో ఆ వీడియో పెట్టింది. ఉమేష్ నవ్వుతున్నాడు, గోడను నిమురుతున్నాడు. ఆ మాట లేదు. కోసేశారు. కింద పెద్ద అక్షరాలతో ఉంది, ఉమేష్ మేస్త్రి రాతి పనితనం అని.

"ఇది నీ గోడ గద!" అంది పుష్ప.

"బంద్ చెయ్ దాన్ని."

పుష్ప రొట్టె పెట్టి, పుంటికూర పప్పు వేసి, ఎదురుగా కూర్చుంది. ఫోన్లో గోడను ఇంకోసారి చూసింది. "ఇది మీది దిక్కు గోడ గద. బాలనాగక్క దవాఖానకు పోయేముందు ఇంటికొచ్చి చెప్పింది, మీదికి కిటికీ పెట్టిచ్చుకుంటున్న, ఇంక పాతూరికి నడిచే పరేషాన్ లేదని. కిటికీ ఏది?"

"నక్షాల లేదు."

"నక్షాల లేకుంటె నీకు నోరు లేదా?"

శ్రీశైలం రొట్టె తుంచాడు. తుంచిన ముక్కను పప్పులో ముంచలేదు. "కిటికీ పెడ్తె గోడ ఆగదు," అన్నాడు.

అబద్ధం చిన్నదే. ఆ పూట రొట్టె తినడానికి సరిపోయినంత. ముప్పై ఐదేళ్లు మేస్త్రి పెళ్లాంగా ఉన్న పుష్ప అతని మొహం చూసింది, ఇంకేం అడగలేదు. పని మాటలో మొగుడు అబద్ధమాడతాడని ఆమెకు తోచలేదు.

మరునాడు గోడ భుజాలు దాటింది. మధ్యాహ్నం ఉమేష్ పైనుంచి దిగి వచ్చి, గోడ అంచు మీదుగా బయటికి చూశాడు. నీళ్లు చాలా దిగాయి. బురద ఎండి నెర్రెలిచ్చిన నేల, దాని అవతల నల్లగా ఏవో వరసలు.

"మామా, ఏరు గింత మంచిగ కనపడ్తుంటె గోడ మూస్తున్నమేంది? మేడానికి చెప్దామా?"

ఇదే సమయం. చెబితే ఇంకా పెద్ద కష్టం లేదు, నాలుగు వరసలు విప్పితే చాలు. కానీ చెప్పేది ఎవరు? ఉమేష్ వెళ్లి చెబుతాడు. ఉమేష్ కనిపెట్టాడంటారు. ప్రణీత మళ్లీ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పుడు శ్రీశైలానికి ముందే వినిపించింది.

"మిగతాది మీరు చూసుకుంటున్నరు గద. నాకేమెరుక," అన్నాడు. ఇంకో రాయి ఎత్తాడు. ఉమేష్ తల గోక్కుని వెళ్లిపోయాడు.

ఆరో నాటికి గోడ పూర్తయింది. పైన ఆఖరి వరస సరిచేస్తుండగా ఆటో చప్పుడైంది. బాలనాగమ్మ ఒకరోజు ముందే వచ్చేసింది. కూతురింట్లో మనసు నిలవలేదట. మోకాళ్లకు గుడ్డ పట్టీలు, చేతిలో అదే కర్ర. ఇంకా తలుపు పెట్టని గుమ్మంలోంచి తన గదిలోకి వచ్చింది. ప్రణీత స్టూలు వేసింది. ముసలామె కూర్చుని పడమటి గోడ వైపు చాలాసేపు చూసింది. తర్వాత కర్ర చాపి గోడను తాకింది.

"మంచిగ కట్టినవ్ రా శ్రీశైలం. ఒక్క సందు లేదు."

శ్రీశైలం నిచ్చెన దిగాడు. ఏదో ఒకటి అంటుందని, తిడుతుందని కాచుకుని ఉన్నాడు. తిడితే ప్రణీతను తిడుతుంది, నక్షాను తిడుతుంది. ఆరు రోజులుగా ఆ తిట్ల కోసమే గోడ కట్టాడు.

"కిటికీ లేదని మొన్న ఫోన్ల పుష్ప చెప్పింది," అంది బాలనాగమ్మ. "పెడ్తె గోడ ఆగదంటివంట. ముందుగాల ఈ పిల్ల మర్చిపోయిందేమో అని కోపమొచ్చింది. మళ్ల అనుకున్న, శ్రీశైలం ఉన్నడు గద, వాడుండంగ మర్చిపోనిస్తడా. వాని ఇల్లు సుతం గా నీళ్లల్లనే ఉండె. వాడు గాదన్నడంటె గాదనే."

ప్రణీత అటూ ఇటూ చూసింది. "ఏ కిటికీ అవ్వా? మీద పెట్టిన గద..."

"పోనీ తియ్, ఏం కాదు," అంది ముసలామె, ఆ పిల్లను ఓదారుస్తున్నట్టు. శ్రీశైలం వైపు తిరిగింది. "నువ్వు గా దిక్కు పోయినప్పుడల్ల వచ్చి చెప్పు. ఈ ఏడు ఎంతవరకు తేలింది, నా గడప కనపడ్డదా లేదా. నీ కండ్లతోనే చూస్త."

శ్రీశైలం చేతిలో సుత్తె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడు. ఆమె తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

"ఆగుతది అక్కా," అన్నాడు.

"ఏంది?"

"గోడ ఆగుతది. కిటికీ పెట్టినా ఆగుతది. నేను పుష్పకు అబద్ధం చెప్పిన." సుత్తె కింద పెట్టాడు. "ఈ పిల్లకు మన మాట తెల్వదు. మీదికి అంటె మీద గది అనుకున్నది. ఇద్దరు మాట్లాడుకుంటప్పుడే నాకు తెలిసింది. చెప్పలే."

పైన ఇటుకల చప్పుడు ఆగిపోయింది. ఉమేష్ జాలీ పక్కనుంచి తొంగి చూస్తున్నాడు.

"ఎందుకు చెప్పలే?" అని అడిగింది బాలనాగమ్మ. కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

శ్రీశైలం పైకి చూశాడు, ఉమేష్ వైపు. ప్రణీత చేతిలోని కాగితాల వైపు చూశాడు. చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. తాత అని పిలవడం, నక్షా, వీడియో. నోట్లోకి తెచ్చుకుంటే ఒక్కటీ ముసలామె మోకాళ్లకు సరితూగేటట్టు లేదు.

"కుళ్లు అక్కా," అన్నాడు. "గంతే."

ప్రణీత మొహంలో రంగు దిగిపోయింది. "పడమరను మీదికి అంటరా?" అంది మెల్లగా, తనలో తాను. అలవాటుగా పెన్ను తీసింది. రాయలేదు. "నేను ఎటు అని అడగలే అవ్వా. ఒక్క మాట అడిగితే అయిపోతుండె."

"రేపు పొద్దుగాల్లనే తీస్త," అన్నాడు శ్రీశైలం తొందరగా. "మన్ను ఇంకా పచ్చిగనే ఉంది. ఒక్క పూట పని. నా చేతుల్తోనే..."

"నువ్వొద్దు." బాలనాగమ్మ కర్ర మీద బరువు వేసి లేచింది. "ఉమేషు తీస్తడు."

రాత్రి శ్రీశైలం పుష్పకు అంతా చెప్పాడు. పొద్దున అతను తలకు తుండు చుట్టుకుంటుంటే ఆమె అడిగింది. "నిన్ను రావొద్దన్నది గద?"

"ఆ పిలగాడు రాతి గోడ ఎన్నడు తీయలే. మీద పడ్తది."

వెళ్లేసరికి ఉమేష్ గడ్డపార పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నాడు. నుదుటి నిండా చెమట. గోడలో ఎక్కడ పొడవాలో తెలియడం లేదు. ఎక్కడ చూసినా రాయికి రాయి బిగుసుకుని ఉంది. మొదటిసారి శ్రీశైలానికి తన పనితనం మీద విసుగేసింది.

"గడ్డపార పక్కన పెట్టు," అన్నాడు, గది బయట పడమటి వైపు నిలబడి. లోపలికి అడుగు పెట్టలేదు. "ముందుగాల్ల పై వరస సందుల మన్ను గీకు. కింద ముట్టకు. అక్కడ పొడుగు రాయి ఉంది చూడు, అది గోడ మందమంత పోతది. దాన్ని కదిలిస్తె మొత్తం వస్తది."

"ఏది మామా?"

"నీ కుడి చేతికి. ఆ ఎర్ర మచ్చ ఉన్నది. దాని కింద సందు చెయ్యి. పై బరువు మోసే బండ దూరేటంత. లోపలి సగానికి ఒక బండ, బయటి సగానికి ఒక బండ. రెండు కూసున్నంకనే కింది రాళ్లు తీయాలె."

ఇన్ని రోజులు దాచుకున్నదంతా అలా ఒక్కొక్కటే చెప్పాడు. రాయి ముఖం ఎలా గుర్తుపట్టాలో, సుత్తె దెబ్బకు రాయి ఏ చప్పుడు చేస్తే వదిలిందని అర్థమో, ఏ చిప్ప లాగితే ఏ రాయి జారుతుందో. ఉమేష్ చెప్పినట్టల్లా చేశాడు. ఒకసారి అతను తొందరపడితే గోడ గడగడమంది. శ్రీశైలం చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. వెనక్కి తీసుకుని తుండుకు తుడుచుకున్నాడు.

ప్రణీత చాక్‌పీసు పట్టుకుని వచ్చింది. నక్షా తేలేదు. "శ్రీశైలం గారూ, కిటికీ అడుగు ఎంత ఎత్తున పెడ్దాం?" అంది. ఆ గారు కోసం ఎన్ని రోజులు రగిలాడో. ఇప్పుడది చెవికి ఎక్కలేదు.

"నన్నడిగితే ఏం లాభం అమ్మా. అక్క మంచం తెప్పియ్యి. ఆమె కూసుంటె కండ్లు ఎక్కడికొస్తయో చూడు."

నవారు మంచం తెచ్చి వేశారు. బాలనాగమ్మ దాని మీద కూర్చుంది. ఆమె కళ్లకు జానెడు కింద ప్రణీత గోడ మీద గీత గీసింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండు బండలూ కూర్చున్నాయి. ఇక రాళ్లు తీయడమే. ఉమేష్ లోపలినుంచి ఒక్కొక్కటీ అందిస్తుంటే శ్రీశైలం బయట అందుకున్నాడు. ప్రతి రాయీ అతనికి తెలుసు. ఇది వీడియో తీసిన రోజు పెట్టింది. ఇది ఉమేష్ చాయ్ ఇచ్చాక పెట్టింది. ఇది, నాకేమెరుక అన్న తర్వాత ఎత్తిన రాయి. ఒక్కటీ పగలలేదు. ఎంత బాగా కూర్చోబెట్టాడో అంత కష్టపెట్టి బయటికొచ్చాయి. వాటిని నేల మీద వరసగా పేర్చాడు.

ముందు పిడికెడు, తర్వాత తలకాయంత, తర్వాత మనిషి నడుమంత సందైంది. గది లోపల ఇంతవరకూ లేని వెలుతురు మంచం కోళ్ల దాకా వచ్చింది. బాలనాగమ్మ కొంగుతో కళ్ల మీద నీడ పట్టుకుని ముందుకు వంగింది. బయటనుంచి శ్రీశైలానికి ఆమె మొహం మొత్తం కనిపిస్తోంది. ఆమె తనను చూస్తుందని, ఒక్క మాట ఏదో అంటుందని ఎదురుచూశాడు. తిట్టైనా సరే. పొట్టకు ఆనించి పట్టుకున్న ఆఖరి రాయిని కింద పెట్టడం మరచిపోయాడు.

"శ్రీశైలం," అంది బాలనాగమ్మ.

"అక్కా."

"జర పక్కకు జరుగు రా. ఊరు కనపడ్తలేదు."

అతను రాయితో సహా పక్కకు జరిగాడు.